ఐపీ (అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే దివాలా పిటిషన్) పెట్టే ముందు వెళ్లాల్సిన ఆఫీసు: హనుమకొండ అదాలత్ దగ్గరి ఒక వకీలు మీద రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగు. ఒక స్టార్ ఎందుకు కోశానో కింద రాశాను.

బిర్యానీ సెంటర్ల మీద, మొబైల్ షాపుల మీద పేజీలకు పేజీలు రివ్యూలు రాస్తాం గానీ, అప్పుల్లో మునిగినవాడు ఏ వకీలు దగ్గరికి పోవాలి, పోతే ఏం అడుగుతారు, ఎంత తీసుకుంటారు అనేది ఎవరూ రాయరు. పరువు సమస్య. మా బావకు ఆ పరిస్థితి వచ్చింది, వెంట తిరిగింది నేను, "రాయి, నా పేరు మాత్రం పెట్టకు" అని ఆయనే అన్నాడు కాబట్టి రాస్తున్నాను. వకీలు పేరు కూడా పెట్టడం లేదు. వకీళ్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ ఉంది, ఆయన ఆ విషయంలో పట్టింపు మనిషి. హనుమకొండ కోర్టులో ఐపీలు చూసే సీనియర్లు ఎవరని ఏ జూనియర్‌ని అడిగినా ఇద్దరు ముగ్గురి పేర్లు చెబుతారు, అందులో ఒకాయన.

బావది ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, మేడారం జాతరప్పుడు స్వాగత తోరణాలు, అన్నిటికంటే పెద్ద గిరాకీ ఎన్నికలు. ఎన్నికల్లో వచ్చే చిక్కేంటంటే అంతా ఉద్దెరే. ఓడిపోయినవాడు ఫోన్ ఎత్తడు, గెలిచినవాడు అసలే ఎత్తడు. ఆ బాకీలు వస్తాయనే ధైర్యంతో కొత్త మిషన్‌కు ఫైనాన్స్, బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్), క్రెడిట్ కార్డులు, అవి సరిపోక మూడు రూపాయల వడ్డీకి నోట్లు రాసి చేబదుళ్లు, ఆ వడ్డీలు కట్టడానికి చిట్టి ఎత్తడం. మొత్తం 30 లక్షల పైమాటే. ఈ వరస వరంగల్‌లో చిన్న వ్యాపారం చేసే ఎవరికైనా తెలిసిందే కాబట్టి ఇంతకంటే సాగదీయను.

ఈ వకీలు దగ్గరికి రాకముందు ఎవరెవరిని అడిగామో కూడా చెప్పాలి, ఎందుకంటే మీకు కూడా ముందు తగిలేది వాళ్లే. అప్పు సగానికి తగ్గిస్తామని ఫోన్లు చేసే సెటిల్‌మెంట్ కంపెనీలు ఉంటాయి కదా, అలాంటిదొకటి. పేరు అనవసరం, అందరి మాటా ఒకటే. నెలనెలా వాళ్లకు ఫీజు కట్టాలి, బ్యాంకు ఈఎంఐలు ఆపేయాలి, ఆపిన డబ్బు పక్కన పోగేస్తే కొన్నాళ్లకు బ్యాంకుతో బేరం ఆడతారట. నోట్ల మీద చేసిన అప్పులు, చిట్టి మాత్రం తమ పరిధి కాదట, అంటే మా బావ తలనొప్పిలో సగం వాళ్ల లెక్కలోనే లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి వాళ్లు చెప్పలేదు. ఈఎంఐ ఆటో డెబిట్ ఖాతాలో డబ్బులు లేక తిరిగిపోతే చెక్ బౌన్స్ లాగే దానిమీదా క్రిమినల్ కేసు వేయొచ్చు, 2007 పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలో 25వ సెక్షన్. "ఆపేయండి సార్, మేం చూసుకుంటాం" అనే పిల్లవాడికి ఆ సెక్షన్ తెలుసో లేదో కూడా నాకు అనుమానమే.

ఇంకొకాయన వకీలే. మొదటి మాటే "ఇల్లు, ప్లాటు ఏమున్నా మీ ఆవిడ పేరు మీదికో చెల్లె పేరు మీదికో మార్చెయ్, తర్వాత ఐపీ కొట్టేద్దాం" అన్నాడు. వినడానికి భలే సులువు. మనవైపు ఐపీ అంటే చాలామంది మనసులో ఉన్న అర్థం కూడా ఇదే: ఉన్నది దాచి, లేదని రాసిచ్చి, అప్పులవాళ్లకు చెయ్యి ఊపడం.

ఇక అసలు ఆఫీసు. అదాలత్ సెంటర్ దగ్గర పాత బిల్డింగ్, మొదటి అంతస్తు. కింద జిరాక్స్, స్టాంపు పేపర్లు, టీ కొట్టు. మెట్లు ఇరుకు, బయట నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, సాయంత్రం ఏడు దాటితే నిలబడాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకుపోకండి.

బావ కూర్చోగానే "సార్, ఐపీ ఎప్పుడు పెడదాం?" అన్నాడు. ఆయన ఫైలు పక్కన పెట్టి, "పెట్టుడు ఒక్క పూట పని తమ్మీ. దానికి ముందు ఆరు నెల్ల పని ఉంటది. ఆ ఓపిక ఉంటె కూర్చో, లేకుంటె పక్క ఆఫీసుకు పో" అన్నాడు. ఈ రివ్యూ రాయడానికి కారణం ఆ ఒక్క మాట. మిగతావాళ్లందరూ ఐపీ వేసే రోజు గురించి మాట్లాడారు, ఈయన దానికి ముందు నెలల గురించి మాట్లాడాడు.

మొదటి పనిగా ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని ఐదు గళ్లు గీయమన్నాడు. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు తీసుకున్నావు, నోటు ఉందా, చెక్కు ఇచ్చావా, షూరిటీ ఎవరు. బావ బంధువుల దగ్గర తీసుకున్నవి రాయలేదు, "మా మేనమామ అడగడు సార్" అంటాడు. ఆయన ఒప్పుకోలేదు. పిటిషన్‌లో అప్పులవాళ్లందరి పేర్లు, ఊళ్లు, బాకీలు, ఉన్న ఆస్తి అంతా, అది ఎక్కడుంది, ఎంత చేస్తుంది అని రాసి సంతకం పెట్టాలి. ఒక్కడిని వదిలేస్తే రేపు ఎదుటి వకీలు లేచి మొదట అడిగేది వాడి గురించే. మేనమామ కూడా జాబితాలో ఎక్కాడు, ఆ సంగతి తెలిసి ఆయన కొన్నాళ్లు మాట్లాడటం మానేశాడు, అది వేరే కథ.

రెండో పని లెక్కలు. షాపు బిల్లు బుక్కులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు, ఎవరెవరు ఫ్లెక్సీ డబ్బులు ఎగ్గొట్టారో ఆ ఉద్దెర పుస్తకం, మూడేళ్లవి తెమ్మన్నాడు. ఇది నాకు మొదట చాదస్తం అనిపించింది. కానీ కారణం ఉంది. ఐపీలో రెండు మెట్లు ఉంటాయి. కోర్టు నిన్ను దివాలా తీసినవాడిగా ప్రకటించడం ఒకటి, అప్పుల నుంచి విడుదల చేయడం అంటే డిశ్చార్జి ఇంకోటి. జనం మొదటిదాంతోనే అయిపోయిందనుకుంటారు. డిశ్చార్జి అడిగినప్పుడు, ఉన్న ఆస్తి అప్పుల్లో రూపాయికి అర్ధరూపాయి కూడా రాకపోతే, అది నీ చేతిలో లేని కారణాల వల్లే జరిగిందని నువ్వు చూపించాలి. వెనక మూడేళ్ల లెక్కల పుస్తకాలు సరిగా లేకున్నా, జూదమో దుబారానో కారణమైనా పూర్తి డిశ్చార్జి రాకపోవచ్చు. అంటే బావ విషయంలో ఆ చిరిగిపోయిన ఉద్దెర పుస్తకమే సాక్ష్యం, డబ్బులు ఎగ్గొట్టిన నాయకుల పేర్లు తేదీలతో సహా అందులో ఉన్నాయి. అక్క దాన్ని చిత్తుకాగితాల్లో అమ్మకుండా ఆపినందుకు నాకు నేనే ఒక టీ తాగించుకున్నాను.

ప్లాటు సంగతి. మడికొండ వైపు చిన్న ప్లాటు ఒకటి బావ ఏడాది కిందటే అక్కకు గిఫ్ట్ డీడ్ చేశాడు. అప్పటికి అప్పులు ఉన్నాయి గానీ ఐపీ ఆలోచన లేదు. ఇదే చెబితే వకీలు చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఈసీ (ఆ ఆస్తి ఎవరి నుంచి ఎవరికి మారిందో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) తెప్పించుకుని చూసి, "దీన్ని దాచుదామనుకుంటె నేను కేసు పట్ట" అన్నాడు. ఐపీ వేసిన తేదీకి వెనక రెండేళ్లలోపు ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయొచ్చు. నిజమైన ధరకు బయటివాడికి అమ్మి ఆ డబ్బుకు లెక్క చూపించగలిగితే అది వేరు. మరి రెండేళ్లు దాటేదాకా ఆగి వేద్దామా అని నేనడిగాను. తెలివైన ప్రశ్న అనుకున్నాను, ఆయన నవ్వాడు. అప్పులవాళ్లను ఎగ్గొట్టాలని చేసిన బదిలీ మీద ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద వేరేగా దావా వేయొచ్చట, దానికీ ఈ రెండేళ్లకూ సంబంధం లేదు. పైగా ఆస్తి దాచినట్టు, లెక్కలు మార్చినట్టు తేలితే ఐపీ చట్టంలోనే ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. చివరికి ప్లాటు జాబితాలో పెట్టాల్సి వచ్చింది. అక్క ఏడ్చింది. కానీ చెల్లె పేరు మీదికి మార్చెయ్ అన్న ఆ మొదటి వకీలు మాట విని ఉంటే ఇంకా పెద్ద చిక్కులో పడేవాళ్లం.

ఇలాంటిదే ఇంకోటి: దగ్గరివాళ్లకు ముందు కట్టేయడం. చేతిలో ఉన్న నాలుగు డబ్బులు మేనమామకు ఇచ్చేసి, మిగతావాళ్లకు ఐపీ నోటీసు పంపుదామని బావ ఆలోచన, మన ఇళ్లల్లో ఎవరికైనా వచ్చే ఆలోచనే. వెనక మూడు నెలల్లో ఒకడికి ఎక్కువ మేలు చేయాలని కట్టినట్టు కనిపిస్తే ఆ డబ్బును రిసీవర్, అంటే దివాలా ఆస్తిని చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి, వెనక్కి లాగొచ్చు. మేనమామ మీదికి కోర్టు కాగితం పోతుంది. అంతకంటే కట్టకపోవడమే ఆయనకు మర్యాద.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది షూరిటీల వ్యవహారం. చిట్టికి బావ స్నేహితుడు, గవర్నమెంటు టీచరు, షూరిటీ సంతకం పెట్టాడు. మిషన్ లోన్‌కు బావ పెద్దనాన్న కొడుకు. ఐపీ వేస్తే వాళ్లు కూడా బయటపడతారని బావ మనసారా నమ్మాడు. ఎంతమాత్రం కాదు. బావకు డిశ్చార్జి వచ్చినా షూరిటీ సంతకం పెట్టినవాడి బాధ్యత అలాగే ఉంటుంది, చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. చిట్టి కంపెనీ టీచరు జీతం మీదికి పోతుంది. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, ఆపై మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు రావు, ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి జీతం పట్టుకోకూడదు, ఇవన్నీ ఉన్నా అది ఆయన పిల్లల ఫీజుల డబ్బే కదా. వకీలు సలహా ఏంటంటే, నోటీసు అందేలోపు నువ్వే వెళ్లి ఆయనకు మొహం మీద చెప్పు. బావ ఆ పని వాయిదా వేస్తూ వేస్తూ చివరికి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. టీచరుగారు ఒక్క మాట కూడా తిట్టలేదు, "చిట్టి కంపెనీకి నేనూ వస్తా నడువు" అన్నాడు. పెనాల్టీ కొంత తీసేసి నెలవారీ వాయిదాలు ఒప్పుకున్నారు, ఆ వాయిదా అక్క తన టైలరింగ్ సంపాదనలోంచి కడుతోంది. బావ డబ్బు కాదు కాబట్టి ఒకడికి ఎక్కువ మేలు చేసినట్టు రాదని వకీలు ముందే చూసి చెప్పాడు. ఈ ఒక్క ఏర్పాటుకే ఆయన ఫీజు గిట్టిందని నా లెక్క.

చెక్కుల దగ్గర ఆయన చాలా కఠినం. వడ్డీలవాళ్లు నోటుతోపాటు ఖాళీ చెక్కులు తీసుకోవడం మామూలే. ఏ నంబరు చెక్కు ఎవరి దగ్గర ఉందో రాయించాడు, గుర్తులేనివి పాత చెక్కుబుక్కుల మొదళ్లు చూసి వెతికించాడు. ఐపీ వేసినంత మాత్రాన చెక్ బౌన్స్ కేసు ఆగదు, అది క్రిమినల్. బ్యాంకు మెమో వచ్చాక 30 రోజుల్లో వాళ్లు నోటీసు పంపాలి, అందిన 15 రోజుల్లో మనం కట్టాలి, లేదంటే కేసు. రెండేళ్ల దాకా జైలు గానీ చెక్కు మొత్తానికి రెట్టింపు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అందుకే "ఇయ్యాల్టి నుంచి ఒక్క చెక్కు మీద సంతకం పెట్టినవంటె మళ్లీ నా మొహం చూడకు" అని చెప్పాడు. కొత్త అప్పు కూడా వద్దన్నాడు. తీర్చలేనని తెలిసీ తెచ్చిన అప్పు డిశ్చార్జి అప్పుడు అడ్డం తిరుగుతుంది, మోసంతో చేసిన అప్పు డిశ్చార్జితో కూడా పోదు. గవర్నమెంటుకు ఇవ్వాల్సింది, భార్యాపిల్లలకు కోర్టు ఇమ్మన్న మనోవర్తి కూడా పోవు.

తాకట్టు ఉన్నవాళ్లకు ఐపీ ఏమీ చేయదు. మిషన్ మీద ఫైనాన్స్ కంపెనీకి హక్కు, బంగారం మీద గోల్డ్ లోన్ వాళ్లకు. మిషన్‌ను వాళ్ల రాతపూర్వక అనుమతితో మనమే గిరాకీ చూసి అమ్మితే వాళ్ల వేలంలో కంటే ఎక్కువ వస్తుందని ఆయనే చెప్పాడు. అలాగే వచ్చింది, కరీంనగర్ వాళ్లు కొనుక్కున్నారు.

మరి మిగిలేదేంటి అని అక్క అడిగింది. ఒంటిమీది బట్టలు, వంట సామాన్లు, పరుపులు, మంగళసూత్రం, చేతివృత్తివాళ్ల పనిముట్లు, పీఎఫ్, జీవిత బీమా పాలసీ మీద వచ్చే డబ్బు, ఇవి జప్తుకు రావని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్. వ్యవసాయం చేసుకునేవాళ్లు ఉండే ఇల్లు, నాగళ్లు, ఎడ్లు, విత్తనాలు కూడా అందులో ఉన్నాయి. అక్క కుట్టుమిషన్ ఆమెదే, ఆమె సంపాదనదే. ఇల్లు బావ వాళ్ల నాన్న స్వార్జితం, ఆయన బతికే ఉన్నాడు, కాబట్టి అది బావ ఆస్తే కాదు. ఇంతకాలం ఇంటి గురించి టెన్షన్ పడినదంతా ఆ పాత దస్తావేజు ఒకటి చూపించగానే తీరిపోయింది, ఆ రోజు తిరిగొస్తూ చౌరస్తాలో మిర్చి బజ్జీలు తిన్నాం.

ఇంటర్నెట్‌లో చదివి వెళ్లేవాళ్లకు ఒక మాట. 2016 దివాలా చట్టం, డీఆర్‌టీ (అప్పుల వసూలు ట్రిబ్యునల్), 'ఫ్రెష్ స్టార్ట్' అని బోలెడు వ్యాసాలు, వీడియోలు ఉన్నాయి. ఆ చట్టంలో వ్యక్తుల కోసం రాసిన భాగం ఇప్పటిదాకా కంపెనీ అప్పులకు పూచీ పడ్డవాళ్లకే, 2019 డిసెంబరు 1 నుంచి, అమల్లోకి వచ్చింది. మనలాంటి మామూలు జనానికి ఇంకా బ్రిటిష్ కాలం నాటి 1920 ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. అందులో 500 రూపాయల అప్పు ఉంటే చాలు ఐపీ వేయొచ్చు. దివాలా ప్రకటించాక డిశ్చార్జి రాకముందు, తన సంగతి చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు అప్పు తీసుకున్నా నేరమే! పాన్ డబ్బాలో ఖాతా కూడా జాగ్రత్త. అమెరికాలో ఉన్న మా పెదనాన్న మనవడు అక్కడి పద్ధతి చెప్పాడు: పిటిషన్ వేసేలోపు 180 రోజుల్లో అప్పుల కౌన్సెలింగ్ తీసుకోవడం తప్పనిసరి, పిటిషన్ వేసిన క్షణం నుంచి అప్పులవాళ్లు ఆగిపోవాలి. ఇక్కడ రెండూ లేవు. కౌన్సెలింగ్ కావాలంటే ఇలాంటి వకీలు దొరకాలి. వేసిన రోజే ఎవరూ ఆగరు, కోర్టు దివాలా ప్రకటించాకే అనుమతి లేకుండా కొత్త దావాలు వేయకుండా అడ్డం పడుతుంది, ఆ మధ్యలో వచ్చే నెలలకు సిద్ధంగా ఉండాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు రూల్, ఆయన దానిమీద ఒక లెటర్ రాసి పంపిస్తే బ్యాంకు తరఫు ఫోన్లు బాగా తగ్గాయి. నోట్లవాళ్లకు ఆ రూలు వర్తించదు, వాళ్లు నేరుగా ఇంటికే వస్తారు. వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలనే చట్టం మన దగ్గర నిజాం కాలం నుంచి ఉంది, అప్పటి ఫస్లీ క్యాలెండర్ లెక్కన 1349 నాటిది. బావకు అప్పిచ్చినవాళ్లలో ఒక్కరికీ ఆ కాగితం లేదు. ఇది కూడా వకీలు ఒక పక్కన రాసిపెట్టుకున్నాడు.

ఇంకోటి మర్చిపోయాను. డిశ్చార్జి రాని దివాలాదారు స్థానిక సంస్థలకు పోటీ చేయలేడు. అందరికీ ఫ్లెక్సీలు కొట్టీ కొట్టీ, ఒకసారి తన ఫొటోతో కార్పొరేటర్ ఫ్లెక్సీ వేసుకోవాలని బావకు లోపల ఉండేది. ఆ మాట విన్నప్పుడు మాత్రం ఆయన మొహం నిజంగా మాడింది.

ఇప్పుడు కోసిన స్టార్. ఓడీ కాగితాల మీద అక్క సంతకం కూడా ఉంది. అన్ని మీటింగులకూ ఆమె వచ్చింది, పక్కనే కూర్చుంది, వకీలు మాత్రం నాతో, బావతో తప్ప ఆమెతో మాట్లాడలేదు. చివరికి ఆమే, "నేను సంతకం పెట్టిన కాగితం సంగతేంది సార్?" అని అడగాల్సి వచ్చింది. జవాబు పెద్దదే: బావ ఐపీ ఆమెను కాపాడదు, సంతకం పెట్టినవాళ్లు ఎవరికి వాళ్లు బాధ్యులు, డబ్బు డిక్రీలో ఆడవాళ్లను సివిల్ జైలుకు పంపకూడదన్న రక్షణ ఒకటి ఉంది గానీ ఆమె సంపాదన, ఆమె ప్లాటు మీద బ్యాంకు కన్ను ఉంటుంది. ఇది మొదటి రోజే, ఆమె వైపు చూసి చెప్పాల్సింది. అప్పు తెచ్చేటప్పుడు భార్యతో సంతకం పెట్టించుకునే ఊళ్లో, సలహా చెప్పేటప్పుడు ఆమెను లెక్కలోకి తీసుకోకపోతే ఎలా? ఓడీని తర్వాత లోక్ అదాలత్‌లో ఇద్దరి పేరు మీదా కలిపి సెటిల్ చేయించాడు, అది బాగా చేశాడు. అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి బ్యాంకు మళ్లీ తిరగబడే భయం లేదు. సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర రికార్డులో) 'సెటిల్డ్' అని పడుతుంది, ఇప్పట్లో మాకు ఎవడూ లోన్ ఇవ్వడు, ఇవ్వకపోతేనే మేలు.

చిన్న చిన్న చిరాకులు ఇంకా ఉన్నాయి. ఫోన్ ఎత్తడు. పిటిషన్ ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో చదివి వినిపించమని మనం పట్టుబడితేనే వినిపిస్తారు, పట్టుబట్టండి, ఎందుకంటే అందులో ప్రతి అంకెకూ మీరే జవాబుదారీ. గుమస్తా "ఖర్చులు" అని విడిగా అడుగుతాడు, రసీదు ఉండదు. సార్‌కు చెబితే తగ్గుతాయి.

ఫీజు: మొదటిసారి కూర్చుని మాట్లాడినందుకు వెయ్యి, ముందస్తు పనులన్నిటికీ 15 వేలు, ఐపీ వేయడానికి ఇంకో 25 వేలు, అదీ వాయిదాల్లో. దివాలా తీసేవాడు వకీలు ఫీజు ఎక్కడినుంచి తెస్తాడని ఆయనకు తెలుసు. ఇది కూడా కష్టమైతే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. అక్క తన ఓడీ కాగితం పట్టుకుని అక్కడికీ విడిగా వెళ్లి వచ్చింది, ఓపికగా విన్నారట.

ప్రస్తుతం పరిస్థితి: బ్యాంకు, చిట్టి, మిషన్ ఐపీ బయటే ఒక దారికి వచ్చాయి. మిషన్ అమ్మిన డబ్బుకు మిగిలిన కొద్ది బాకీని పెద్దనాన్న కొడుకు వాయిదాల మీద కడుతున్నాడు. మిగిలిన నోట్ల అప్పుల మీద, కార్డుల మీద ఐపీ వేశాం, నోటీసులు వెళ్లాయి, వాయిదాలు నడుస్తున్నాయి. 30 లక్షలతో మొదలైన జాబితా పిటిషన్‌లోకి వచ్చేసరికి సగానికి తక్కువైంది. కోర్టు దివాలా ప్రకటిస్తే డిశ్చార్జికి అప్లై చేయడానికి ఒక గడువు ఇస్తుంది, దాన్ని దాటేస్తే మొత్తం రద్దవుతుంది, మళ్లీ వేయాలంటే కోర్టు అనుమతి కావాలి. బావ ఫోన్‌లో, నా ఫోన్‌లో, అక్క ఫోన్‌లో కూడా రిమైండర్ పెట్టించే బాధ్యత గుమస్తాకు అప్పజెప్పాడు సార్.

వెళ్లేవాళ్లు సోమవారం వెళ్లకండి, విపరీతమైన రద్దీ. శనివారం సాయంత్రం అయితే గుమస్తా తొందరగా పోతాడు, నేరుగా ఆయనతోనే మాట్లాడొచ్చు. నోట్‌బుక్‌లో ఐదు గళ్లు ఇంట్లోనే గీసుకుని, సిబిల్ రిపోర్టు ఏడాదికి ఒకటి ఉచితంగా వస్తుంది కాబట్టి అది ప్రింట్ తీసుకుని, ఆస్తి ఏమున్నా ఈసీ పట్టుకుని వెళ్తే మొదటి వెయ్యి రూపాయలకే చాలా పని అవుతుంది. ఫోన్‌పే తీసుకోడు, క్యాష్ పెట్టుకోండి.